మూడింటి రీడింగ్

పేలుడు జరిగింది రెండూ పదికి. ముకుంద్ చేతిలోని కాగితం మీద మాత్రం మూడింటికీ, నాలుగింటికీ కూడా రసాయనాలు కలిపే రియాక్టర్ ఎనిమిది డిగ్రీల దగ్గర బుద్ధిగా నడుస్తూనే ఉంది.

ఆ కాగితాన్ని అతని పిడికిట్లోంచి తీయడానికి డిస్పెన్సరీలో నర్సుకు ఐదు నిమిషాలు పట్టింది. వేళ్లు విప్పమంటే విప్పుదామనే అనుకున్నాడు ముకుంద్. వేళ్లు వినలేదు. ఆమె ఒక్కొక్క వేలే పట్టి లాగింది, పసిపిల్లాడి గుప్పిట్లోంచి మట్టి తీసినట్టు.

"ఒక్క గాయం లేదు. నసీబు మంచిదే నీది," అంది.

అది తన గురించే అంటోందని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. చెవుల్లో హోరు. కింది పెదవి తనది కానట్టుంది. నర్సు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అతని చొక్కా జేబులో దోపింది. అదేమిటో ఆమెకు తెలియదు. తెలిసిన రెండో మనిషి పెద్దరాములు. అతణ్ని అప్పటికే వ్యానులో పడుకోబెట్టి బొంబాయి హైవే మీద పట్నం వైపు తీసుకుపోతున్నారు.

ముకుంద్ ఆ ఫ్యాక్టరీలో అప్రెంటిస్. జోగిపేటలో ఆ మాటకు అర్థం ఎవరికీ సరిగ్గా తెలియదు. తండ్రి రాజేశ్వర్‌కు అంగడి దగ్గర కందుల, పెసల వ్యాపారం. కొడుకు సంగారెడ్డిలో బీఎస్సీ పాసై వచ్చి పాశమైలారంలో చేరతానన్నప్పుడు ఆయన కుర్చీలోంచి కదలకుండానే విచారణ జరిపాడు.

"నౌకరీనా, కాదా? ఒక్క మాట జెప్పు."

"కాదు బాపు. నేర్చుకునుడు. ఏడాదిన్నర."

"మరి బీఎస్సీ అంటే నేర్చుకునుడు గాదా? మూడేండ్లు ఏం జేసినవ్ ఆడ?"

మూడేళ్లలో ముకుంద్ నిజమైన రియాక్టర్‌ను చూడలేదు. రసాయన సమీకరణాలు బోర్డు మీద చూశాడు, పరీక్షలో రాశాడు, ఫస్టుక్లాసు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత తొమ్మిది నెలలు ఉద్యోగాల కోసం తిరిగితే ప్రతి గేటు దగ్గరా ఒకటే ప్రశ్న: అనుభవం ఉందా? అనుభవం లేనివాణ్ని ఎవరూ తీసుకోరు. ఎవరూ తీసుకోకపోతే అనుభవం రాదు. ఆ గోడకు ఉన్న ఒకే ఒక్క తలుపు అప్రెంటిస్ అని కాలేజీ నోటీసు బోర్డు మీద చదివాడు.

చేరిన రోజు పర్సనెల్ ఆఫీసర్ వెంకటేశం నాలుగు పేజీల ఒప్పందం ముందు పెట్టి, చాయ్ తెప్పించి, అన్నీ విడమరిచి చెప్పాడు. సదాశివపేట మనిషి. మాట మెత్తన.

"ఇగో బాబూ, నువ్విక్కడ వర్కర్‌వు కాదు, స్టూడెంట్‌వు. కంపెనీ నేర్పాలె, నువ్వు నేర్వాలె. ఈ కాయిదం సర్కారు ఆఫీసుల రిజిస్టరైతది. ఆఖరికి పరీక్ష ఉంటది, సర్టిఫికెట్ ఇస్తరు. అది పట్టుకొని ఏ కెమికల్ ఫ్యాక్టరీకి వోయినా కూసోబెట్టి మాట్లాడుతరు. మనం నౌకరీ ఇయ్యాలని మటుకు యాడ రాసిలేదు. ఇస్తే ఇస్తం, లేకుంటే లేదు. సమజైందా?"

సమజైంది. ముకుంద్ సంతకం పెట్టాడు. ఒప్పందంలో 'శిక్షకుడు' అన్న చోట ఒక ఇంజినీరు పేరు టైపు చేసి ఉంది. ఆ ఇంజినీరును ముకుంద్ ఒక్కసారి కూడా చూడలేదు. అతనికి పని నేర్పింది పెద్దరాములు.

పెద్దరాములుది గుమ్మడిదల. నాలుగెకరాల వరి పొలం ఉండేది. బావిలో నీళ్లు రంగు మారాక సాగు మానేసి, ఏ ఫ్యాక్టరీల మీద ఊరంతా అర్జీలు పెట్టిందో వాటిలోనే ఒకదానిలో పనికి చేరాడు. పదకొండేళ్లుగా ఆపరేటర్. ఐదో తరగతి దాకా చదివాడు. బీఎస్సీ కుర్రాడు తన కింద నేర్చుకోవడానికి వచ్చాడంటే అతనికి భలే సరదా.

"ఏం సేటూ, పప్పులు జోకుడు ఇడిశిపెట్టి గీ వాసనలకెందుకొచ్చినవ్?"

"నేర్చుకుందామని అన్నా."

"ముక్కు మూసుకోకుండ నిలవడుడు నేర్సుకో ముందుగాల. మిగిలింది అదే వస్తది."

అతను నేర్పే పద్ధతి అదే. పైపు మీద అరచెయ్యి పెట్టి లోపల రియాక్టర్ వేడెక్కకుండా చూసే చల్లటి ఉప్పునీరు పారుతోందో లేదో చెప్పేవాడు. కలిపే పంకా చప్పుడు విని లోపలి సరుకు చిక్కబడిందో లేదో చెప్పేవాడు. ముకుంద్ చెయ్యి కూడా పట్టి పైపు మీద పెట్టించేవాడు. కాలేజీలో ఎవరూ నేర్పని చదువు అది. ఆరు నెలల్లో ముకుంద్‌కు పని మీద ఇష్టం పుట్టింది. ఏడాది గడిచేసరికి, పరీక్ష పాసై ఇక్కడే ఉండిపోతే బాగుండనిపించింది. ఇంకో ఆరు నెలలు మిగిలాయి.

పెద్దరాములు నేర్పినవాటిలో ఇంకొకటి కూడా ఉంది.

ప్రతి రియాక్టర్‌కూ ఒక లాగ్‌షీట్ ఉంటుంది. గంటగంటకూ పన్నెండు మెట్లెక్కి, ప్లాట్‌ఫారం మీది డయల్ చూసి, దిగివచ్చి, ఎంత వేడి ఉందో షీట్లో రాయాలి. నాలుగు రియాక్టర్లకు ఒకప్పుడు నలుగురు ఆపరేటర్లు. ఇప్పుడు ఒక్కడు, ఒక అప్రెంటిస్. నాలుగింటికి షిఫ్టు దిగేటప్పుడు సూపర్‌వైజర్ షీట్లు చూస్తాడు. ఒక గడి ఖాళీగా ఉంటే మెమో. గడిలో తప్పు అంకె ఉంటే ఏమీ లేదు, అది తప్పని అతనికెలా తెలుస్తుంది? అందుకే ఆ షెడ్డులో అందరూ మధ్యాహ్నం క్యాంటీన్‌కు పోయేముందే సాయంత్రం దాకా గడులన్నీ నింపేసేవారు. ఒంటిగంటకు ఎనిమిది, రెండింటికి ఎనిమిది, మూడింటికి ఎనిమిది, నాలుగింటికి ఎనిమిది. నమ్మకం కోసం మధ్యలో ఒక తొమ్మిది.

"కాయిదం ఆఫీసోళ్లకు. డయల్ మనకు," అనేవాడు పెద్దరాములు. "కాయిదం నింపినవని డయల్ సూసుడు ఇడిశిపెడితే మటుకు తంత."

ఆ గురువారం ముకుంద్ కాగితం నింపాడు. డయల్ చూడలేదు.

ఉప్పునీటిని చల్లబరిచే చిల్లర్ ఆరోజు పొద్దుటి నుంచీ మొరాయిస్తోంది. బ్యాచ్ ఆపుదామని పెద్దరాములు పదకొండింటికి పోయి మేనేజర్‌ను అడిగాడు. నడపమన్నాడు మేనేజర్. రెండు దాటాక చిల్లర్ చప్పుడు మారిందని పెద్దరాములు షెడ్డు వెనక్కి పోయాడు. ముకుంద్ కింద మేజాబల్ల దగ్గర కూర్చున్నాడు. మూడో రియాక్టర్‌లో సరుకు పది డిగ్రీలు దాటకూడదు. దాటితే తనంతట తానే వేడెక్కడం మొదలుపెడుతుంది. ఇరవై దాటితే ఇంకేం చూడకుండా మొత్తం కింది నీళ్లతొట్లోకి వదిలేయాలి.

వెనక కిటికీలోంచి పెద్దరాములు కేక వేశాడు.

"సేటూ, మూడో నంబరు ఎంతుంది?"

పన్నెండు మెట్లు. ముకుంద్ కుర్చీ కూడా జరపలేదు. ముందున్న కాగితం చూశాడు.

"ఎనిమిదన్నా."

"పక్కానా?"

"పక్కా."

పెద్దరాములు తాపీగా వచ్చాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ మెట్లెక్కాడు. సగం మెట్ల మీద ఉండగానే అతని చెయ్యి అలవాటుగా పక్కనున్న పైపు మీద పడింది. పడగానే అక్కడే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ముకుంద్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. లెక్క తప్పిన మనిషి మళ్లీ లెక్కపెట్టుకుంటున్నట్టు ఉంది. తర్వాత కిందికి పరుగెత్తాల్సిన మనిషి పైకి పరుగెత్తాడు, తొట్టి వాల్వు తిప్పడానికి. అతను వాల్వు పట్టుకున్నాడో లేదో మూత ఎగిరింది.

ఇంత జరిగాక ఏడవాలి, లేదా పారిపోవాలి. ముకుంద్ రెండూ చేయలేదు. ఎవరో రెక్క పట్టుకొని బయటికి లాగితే నడిచాడు. చేతిలో షీట్ ఉన్న సంగతి కూడా ఎరగడు.

శుక్రవారం పొద్దున పటాన్‌చెరు మార్కెట్ వెనక ముకుంద్ ఉండే కిరాయి గదికి వెంకటేశం వచ్చాడు. చేతిలో రెండు సంతరాల సంచి, చంకలో తోలు బ్యాగు. మంచం మీద కూర్చొని, ఒక సంతరా తానే ఒలిచి ముకుంద్ చేతిలో పెట్టాడు.

"తిను. పెద్దరాములు బతుకుతడు అన్నరు డాక్టర్లు. రెండు చేతులు, ఛాతీ కాలినయ్. మొహం దక్కింది."

ముకుంద్ ఒక తొన నోట్లో వేసుకున్నాడు. రుచి తెలియలేదు. తడి మాత్రం తెలిసింది.

"మూడో నంబరు షీటు నీ తాననే ఉన్నదంట గద. తియ్యి బాబూ."

ముకుంద్ జేబులోంచి తీసి ఇచ్చాడు. వెంకటేశం మడతలు విప్పి, మూడింటి గడి, నాలుగింటి గడి చూసి, మళ్లీ నాలుగు మడతలు పెట్టాడు.

"ఇది గిన ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ చేతిల పడితే ఏమైతదో తెలుసా? అప్రెంటిస్‌ను ఒంటిగ రియాక్టర్ మీద ఇడిశిపెట్టిన్రని ఒకటి. షీట్లన్నీ దొంగ షీట్లని రెండు. గేటుకు సీలేస్తరు. మూడు వందల మంది బతుకుతున్నరు ఆ గేటు మీద. సగం మంది మీ పెద్దరాములు ఊరి దిక్కోళ్లే. నేను చెడ్డోణ్ని గాదు బాబూ. గా మూడు వందల మంది కోసమే చెప్తున్న."

బ్యాగులోంచి ఖాళీ లాగ్‌షీట్ తీశాడు. దాని కింద అట్ట పెట్టాడు. పెన్ను మూత కూడా తానే తీశాడు.

"రాయి. పన్నెండింటికి ఎనిమిది. ఒంటిగంటకు పదహారు. రెండింటికి నలభై ఒకటి. అటెన్క గడులు ఖాళీ. కింద రిమార్కుల రాయి: రెండు గంటలకు ఆపరేటర్‌కు చెప్పితిని, ఆపరేటర్ పట్టించుకోలేదు."

"నలభై ఒకటా సార్?"

"ఎంతనుకున్నవ్?"

"తెల్వదు."

"తెల్వనప్పుడు నలభై ఒకటైతే ఏంది?"

అందులో తప్పు పట్టడానికి ముకుంద్‌కు ఏమీ దొరకలేదు. పెద్దరాములుకు ఏమవుతుందని మాత్రం అడిగాడు.

"దవాఖాన మనమే సూస్తున్నం. నౌకరీ అంటవా, ఆ చేతులతోటి ఎట్లయినా చెయ్యలేడు గద." వెంకటేశం గొంతు తగ్గించాడు. "నీకు మటుకు సోమవారం ఎంక్వయిరీ అయిపోంగనే కాయిదం. జూనియర్ కెమిస్ట్, పర్మనెంట్. పరీక్ష దాకా ఆగే పని లేదు. టైపై ఉన్నది, నా డ్రాయర్ల."

ముకుంద్ రాశాడు. నిన్న విప్పమంటే విప్పుకోని వేళ్లు ఇవాళ చెప్పినట్టల్లా రాశాయి. తప్పు అంకెలు రాయడం వాటికి బాగా అలవాటైన పని. వెంకటేశం కొత్త షీట్‌ను జాగ్రత్తగా బ్యాగులో పెట్టుకున్నాడు. పాతదాన్ని చింపి, ఆ ముక్కలు కూడా వదలకుండా బ్యాగులోనే వేసుకొని పోయాడు.

శనివారం జోగిపేట నుంచి రాజేశ్వర్ వచ్చాడు. కొడుకును పైనుంచి కిందిదాకా చూసి, కాళ్లూ చేతులూ లెక్క సరిపోయాక, అసలు విషయం అడిగాడు. పర్మనెంట్ మాట వినగానే లేచి నిలబడ్డాడు.

"ఏడాదిసంది బజార్ల నవ్వుతున్నర్రా. మా వోడు నేర్సుకుంటుండు అంటే, ఇంకెప్పుడు నేర్సుడైతది, ముసలోడైనంకనా అంటున్నరు. ఇగ వాళ్ల నోళ్లు మూతవడుతయ్."

"బాపు, నేను సూడకుండ జెప్పిన."

"ఏం జెప్పినవ్?"

"డయల్ సూడకుండ ఎనిమిదని జెప్పిన."

రాజేశ్వర్ తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. అయినా తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఎవరన్న అడిగిన్రా?"

"లేదు."

"అడుగనిదానికి జవాబెందుకు?" అన్నాడు. ఆ తర్వాత జొన్నరొట్టెల మూట విప్పి, కొడుకు తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి వెంకటేశం ముకుంద్‌ను కంపెనీ జీపులో పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. ఇన్‌స్పెక్టర్ అడిగితే అప్రెంటిస్ కూడా చూసి వచ్చాడని చెప్పడానికి బాగుంటుంది. వరండాలో నేల మీద పెద్దరాములు భార్య మొగులమ్మ కూర్చొని ఉంది. పక్కన సత్తుగిన్నె, సంచీ. ముకుంద్‌ను చూసి లేచింది. వెంకటేశం డాక్టరు గదిలోకి పోయేదాకా ఆగి అడిగింది.

"నలభై ఒకటున్నదని నువ్వు జెప్పినవంట గద నాయినా. ఆయన ఇనలేదంట. నిజమేనా?"

ముకుంద్ నేల మీది సత్తుగిన్నె వైపు చూశాడు.

"గట్ల జెయ్యడు. పదకొండేండ్ల సంది ఆయన పని సూస్తున్న. ఇంట్ల పొయ్యి మీద పాలు వెడితె నాకంటె ముందుగాల ఆయనే ఉరుకుతడు. నలభై ఒకటని జెప్తె ఊకుంటడా? నువ్వే జెప్పు, జెప్పినవా?"

ముకుంద్ అవునన్నట్టు తల ఊపాడు. ఊపింది తానేనని తర్వాత తెలిసింది. మొగులమ్మ మళ్లీ అడగలేదు. కొంగుతో మొహం తుడుచుకొని, "అయితె పోయి సూడు," అని దారి ఇచ్చింది.

మంచం మీద పెద్దరాములు మెడ దాకా తెల్ల గుడ్డల్లో ఉన్నాడు. చేతులు రెండూ చెక్కబల్లల మీద చాపి ఉన్నాయి. కనురెప్పల వెంట్రుకలు కాలిపోయి మొహం ఎవరిదోలా ఉంది. గొంతు మాత్రం అతనిదే.

"వచ్చినవా సేటూ. నీకేం గాలేదు గద?"

"కాలేదన్నా."

"మంచిగైంది." ఊపిరి కోసం ఆగాడు. "మేనేజర్ సారొచ్చిండు పొద్దుగాల. నువ్వు నలభై ఒకటని జెప్పినవంట. నాకు ఎనిమిదని జెప్పినట్టే యాదికున్నది. పక్కానా అని గూడ అడిగినట్టు యాదికున్నది. అప్పటి సంది గదే సోచాయిస్తున్న. నా తలనే ఖరాబైనట్టున్నది."

ముకుంద్ మంచం ఇనుప కడ్డీని చూస్తున్నాడు.

"పదకొండేండ్ల పనిల గిట్ల కాలేదు. ఇంకొద్దిగైతె నీ పానం గూడ తీద్దును. మీ బాపుకు ఏం జవాబు జెప్పుదును? మాఫ్ చెయ్యి బిడ్డా."

సేటు అనకుండా అతను పిలవడం అదే మొదటిసారి. వెంకటేశం వెనక నుంచి వచ్చి ముకుంద్ భుజం మీద చెయ్యి వేశాడు. "రెస్టు తీసుకోవాలె ఆయన. పోదాం." ముకుంద్ నడిచాడు. జీపెక్కాక వెంకటేశం రేడియో పెట్టాడు.

సోమవారం పదకొండింటికి ఆఫీసు గదిలో ఎంక్వయిరీ. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ సన్నగా, తెల్ల జుట్టుతో, దగ్గుతూ ఉన్నాడు. షెడ్డు చూసి వచ్చాడు కాబట్టి బూట్లకు తెల్లని పొడి అంటి ఉంది. ఒక వైపు మేనేజర్, ఒక వైపు వెంకటేశం. బల్ల మీద లాగ్‌షీట్, దాని పక్కన ముకుంద్ అప్రెంటిస్ ఒప్పందం. ఇన్‌స్పెక్టర్‌కు తొందరగా ఉంది. మధ్యాహ్నం ఇంకో ఫ్యాక్టరీకి పోవాలి.

"కూర్చో. ఇది నువ్వే రాసినవా?"

"నేనే రాసిన సార్."

"సంతకం నీదే?"

"నాదే."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీసి తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. రాస్తూనే, తల ఎత్తకుండా, అలవాటుగా అడిగాడు. "ఎప్పుడు రాసినవ్?"

గదిలో పంకా తిరుగుతోంది. వెంకటేశం ముకుంద్‌ను చూసి చిన్నగా తల పంకించాడు, చెప్పు అన్నట్టు. గురువారం రెండింటికి అంటే అయిపోతుంది. డ్రాయర్‌లో కాగితం టైపై ఉంది. నిజం చెబితే డ్రాయర్‌లోది పోతుంది, మిగిలిన ఆరు నెలలూ పోతాయి, బహుశా సర్టిఫికెట్ కూడా. ముకుంద్‌కు ఇవన్నీ స్పష్టంగా తెలుసు. భయం కోసం లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు. ధైర్యం కోసం వెతికాడు. అదీ లేదు. నిన్నటి గొంతు ఒక్కటే ఉంది, నా తలనే ఖరాబైనట్టున్నది అని.

"శుక్రవారం పొద్దుగాల," అన్నాడు. "నా రూంల."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది.

"పేలింది గురువారం కదా?"

"అవును సార్. అసలు షీట్ వేరే ఉండె. దాంట్ల మూడింటికి ఎనిమిది, నాలుగింటికి ఎనిమిది అని రాసి ఉండె. తినపోయేటప్పుడే రాసిన. రోజూ గట్లనే రాస్తం. రాములన్న ఎంతుందని అడిగితే నేను పైకి పోలే. ఆ కాయిదం సూసి ఎనిమిదని జెప్పిన. పక్కానా అన్నడు. పక్కా అన్న. ఆయన తప్పేం లేదు. బ్యాచ్ ఆపుదామని పదకొండింటికి మేనేజర్ సార్‌ను అడిగిండు గూడ."

"సార్, పోరడు షాక్‌ల ఉన్నడు," అన్నాడు వెంకటేశం. "డిస్పెన్సరీ చిట్టీ ఉన్నది, సూపెడుత—"

"మీరు బయట కూర్చోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. మేనేజర్ వైపు కూడా చూసి, "మీరు కూడా," అన్నాడు.

తలుపు మూశాక ఒప్పందం తెరిచాడు. "ఇందులో నీ శిక్షకుడని ఉన్నాయన ఎక్కడ?"

"నేను సూడలే సార్. నేను చేరకముందే ఇడిశిపెట్టి పోయిండంట."

"మరి నీకు పని నేర్పింది?"

"రాములన్న."

"ఆయన లేనప్పుడు?"

"ఎవరు లేరు."

ఇన్‌స్పెక్టర్ రెండు పేజీలు రాశాడు. మధ్యలో దగ్గు వచ్చి ఆగాడు, మళ్లీ రాశాడు. చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నాడు. ఆయన గొంతులో మెచ్చుకోలు లేదు, తిట్టు లేదు.

"చూడు. ఒక్కణ్ని రియాక్టర్ దగ్గర వదిలినందుకు కంపెనీ జవాబు చెప్పుకుంటుంది. చూడకుండా చెప్పినందుకు నువ్వు చెప్పుకోవాలె. నేను రెండూ రాసిన. ఇక్కడ నిన్ను ఉంచరు. అప్రెంటిస్ ఆఫీసుకు పోయి దరఖాస్తు పెట్టు. మిగిలిన ఆరు నెలలు ఇంకో ఫ్యాక్టరీకి మార్చే వీలుంది, తీసుకునేటోళ్లు దొరికితే. దొరుకుతరని నేను చెప్పలేను."

బయట వెంకటేశం గోడకు ఆనుకొని ఉన్నాడు. మేనేజర్ లేడు. వెంకటేశం గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

"ఏం సాధించినవ్ బాబూ? ఆయన చేతులొచ్చినయా?"

"రాలే సార్."

"గేట్ పాస్ ఇచ్చిపో."

ముకుంద్ జేబులోంచి గేట్ పాస్ తీసి ఇచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎల్లయ్య, షిఫ్టు మధ్యలో ఎందుకు పోతున్నావని అడిగాడు. జవాబు కోసం చూడకుండానే గొలుసు తీశాడు. రోడ్డు మీద లారీల దుమ్ము. పటాన్‌చెరు దాకా షేర్ ఆటోలో పోయి, అక్కడ పట్నం బస్సెక్కాడు. సీటు దొరికింది. తల కిటికీకి ఆనించాడు. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఆపాలనిపించలేదు.

దవాఖానలో నాలుగింటికి లోపలికి వదిలారు. మొగులమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చొని గ్లాసులో జావ కలుపుతోంది. అతన్ని చూసినా ఆమె కలపడం ఆపలేదు.

"అన్నా," అన్నాడు ముకుంద్. "నేను ఎనిమిదనే జెప్పిన."

పెద్దరాములు కళ్లు మాత్రం అతని వైపు తిరిగాయి.

"డయల్ సూడలే. కాయిదం సూసి జెప్పిన. నలభై ఒకటన్నది తర్వాత రాసింది. వాళ్లు రాయమంటే రాసిన. ఇయ్యాల ఇన్‌స్పెక్టర్‌కు జెప్పిన. వదినా, నిన్న నీకు అబద్ధం జెప్పిన."

మొగులమ్మ గ్లాసు కింద పెట్టింది. వార్డులో ఎవరో నర్సును పిలుస్తున్నారు. పెద్దరాములు పైకప్పు చూస్తూ అడిగాడు.

"నేను పక్కానా అని అడిగిన్నా?"

"అడిగినవ్."

"నువ్వు పక్కా అన్నవ్."

"అన్న."

పెద్దరాములు ఛాతీ మీది గుడ్డలు పైకి లేచి కిందికి దిగాయి. అతను ముకుంద్ వైపు తిరగలేదు. భార్య వైపు తిరిగాడు.

"ఇన్నవా? నా తలకేం గాలే," అన్నాడు.

"నేను మొదలే జెప్పిన గద," అంది మొగులమ్మ. గ్లాసు తీసుకొని, చెంచాతో జావ అతని నోటికి అందించింది. అతను మింగాడు. ఆమె ఇంకో చెంచా పట్టింది.

ముకుంద్ ఇంకా నిలబడే ఉన్నాడు. వాళ్లిద్దరిలో ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మనలేదు. గ్లాసు సగమయ్యేదాకా చూసి, తలుపు వైపు నడిచాడు.